మునెమ్మలో మారని రక్తం

2022 వానాకాలం. కె.ఆర్.పురం రైల్వే స్టేషనుకు దగ్గరలోని ఒక ట్రస్టు ఆసుపత్రిలో నేను ల్యాబ్ టెక్నాలజిస్టుగా చేరి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. రక్తకణాల పని చూసే హెమటాలజీ విభాగం నాది. మూడో అంతస్తులో ఉంటుంది. కిటికీలోంచి చూస్తే ఫ్లైఓవరు మీద కదలకుండా నిలబడ్డ బస్సులు కనిపిస్తాయి. బయట ఊరు ఎంత ఆగిపోయినా లోపల మా మెషిన్లు మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంటాయి.

రక్తం చూస్తే భయం వేయదా అని చుట్టాలు అడుగుతుంటారు. ట్యూబులో ఉన్న రక్తం ఎవరినీ భయపెట్టదు. ఆ రక్తం ఇచ్చిన మనిషి ఎదురుగా కూర్చుని "ఏమొచ్చింది మేడమ్?" అని అడిగినప్పుడే అసలు భయం. అందుకే నేను వార్డు జోలికి పోకుండా ల్యాబును ఎంచుకున్నాను. నాకు మొహమాటం తక్కువ, ఓపిక అంతకన్నా తక్కువ. ఆ సంగతి మా ఇంట్లోవాళ్లు కూడా ఒప్పుకుంటారు.

నా చేతి కింద ఉండే మెషిన్ పేరు హెచ్‌పీఎల్‌సీ. పేరుకే గంభీరం, పని అర్థం చేసుకోవడం తేలికే. రక్తానికి ఎరుపునిచ్చేది హీమోగ్లోబిన్. అది అందరూ అనుకున్నట్టు ఒకే రకం కాదు. ఈ మెషిన్ ఆ రకాలను విడదీసి, ఒక్కో దానికి ఒక్కో శిఖరంలా గ్రాఫు గీసి చూపిస్తుంది. పెద్దవాళ్లలో దాదాపు అంతా 'ఎ' రకం, దాని పక్కన కొద్దిగా 'ఎ2' ఉంటాయి. మూడోది 'ఎఫ్'. ఎఫ్ అంటే ఫీటల్, గర్భంలోని శిశువుది. పెద్దవాళ్లలో అది ఉందా లేదా అన్నట్టుగా ఉంటుంది.

ఈ ఎఫ్ సంగతి ఇక్కడే కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. హీమోగ్లోబిన్ తయారు కావాలంటే గ్లోబిన్ అనే ప్రోటీన్ గొలుసులు రెండు రకాలు కలవాలి. వాటిలో ఒక రకానికి కావలసిన జీన్లు మన పదకొండో క్రోమోజోము మీద వరుసగా ఉన్నాయి. మొదట ఎప్సిలాన్, తర్వాత గామా, చివర డెల్టా, బీటా. విచిత్రం ఏమిటంటే, అవి ఏ వరుసలో ఉన్నాయో ఆ వరుసలోనే పనిలోకి దిగుతాయి. గర్భం నిలిచిన తొలి వారాల్లో ఎప్సిలాన్ పనిచేస్తుంది. అది మూతపడగానే గామా అందుకుంటుంది. గామా వల్ల తయారయ్యేదే ఎఫ్. తల్లి రక్తంలోని ఆక్సిజన్‌ను తన వైపు లాక్కునే పట్టు దానికి ఎక్కువ. పుట్టుకకు కొంచెం ముందు నుంచి గామా తగ్గుతూ, బీటా పెరుగుతూ వస్తుంది. బిడ్డకు ఏడాది నిండేసరికి ఎఫ్ దాదాపు కనుమరుగవుతుంది. ఒకటి ఆగడం, ఇంకొకటి మొదలవడం, ఇదంతా ఏ తల్లికీ తెలియకుండానే జరిగిపోతుంది.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే బీటా జీన్లు రెండూ చెడిపోయిన బిడ్డ కూడా పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. అప్పటికి గామా ఇంకా పనిచేస్తోంది కాబట్టి ఏమీ తెలియదు. గామా తన పని ముగించుకుని తప్పుకున్నాక, రావలసిన బీటా రాక, కొన్ని నెలలకు బిడ్డ పాలిపోవడం మొదలవుతుంది. అదే థలసీమియా మేజర్. కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కిస్తూనే ఉండాలి. రక్తం ఎక్కించి అదే రోజు ఇంటికి పంపే మా డే కేర్‌కు అలాంటి పిల్లలు వస్తుంటారు. ఒక చేతికి సూది ఉండగానే ఇంకో చేత్తో బొమ్మలకు రంగులు వేసుకుంటారు. వాళ్లను చూసినవాళ్లెవరూ ఈ జబ్బును తేలిగ్గా తీసుకోలేరు.

ఒకరోజు మధ్యాహ్నం మా హెమటాలజిస్టు డాక్టర్ మిత్ర ఫోన్ చేశారు. ఆవిడది కలకత్తా. "పద్మజా, ఒకసారి కిందికి రా. ఇక్కడ ఒక జంట ఉన్నారు. నాతో కన్నడంలోనే మొదలుపెట్టారు గాని, ఆ అమ్మాయి ఏడుస్తూ తెలుగులోకి దిగిపోయింది" అన్నారు. మా అంతస్తులో తెలుగుదాన్ని నేనొక్కదాన్నే. విసుక్కుంటూనే దిగాను.

అమ్మాయి పేరు భారతి. వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో పేరోల్, అంటే జీతాల లెక్కల పని చేస్తుంది. నాలుగో నెల నడుస్తోంది. పక్కన ఆమె భర్త మునిరాజు, మెషిన్ షాపులో ఆపరేటరు. కాడుగోడిలో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్లు. భారతి మాటమాటకూ అతన్ని "మామా" అని పిలవడం చూసి, మాటవరసకు అంటోందేమో అనుకున్నాను. కాదు, అతను ఆమెకు సొంత మేనమామే. ఆమె తల్లికి కడగొట్టు తమ్ముడు.

"మేడమ్, నిజం చెప్పండి" అంది భారతి. "ముందు చూపించుకున్న క్లినిక్‌లో మా ఇద్దరి రక్తంలోనూ దోషం ఉండాది అన్నారు. బిడ్డకి రెండు పక్కల నుంచీ వస్తే బతికినన్నాళ్లూ రక్తం ఎక్కించల్లంట. తీసేసుకుంటే మేలు అన్నారు. మేనమామను చేసుకుంటే ఇట్లే అయితాదంట."

మునిరాజు తల ఎత్తలేదు. "నాకి ఒక్క దినం జొరం వచ్చింది లేదు మేడమ్. రక్తంలో దోషం అంటే ఎట్ల నమ్మేది?" అన్నాడు నేలకేసి చూస్తూ.

వాళ్లిద్దరి గ్రాఫులూ అంతకుముందు రోజే నా చేతుల మీదుగా వెళ్లాయి. మామూలుగా థలసీమియా జీను ఒకటి మోస్తున్నవాళ్లలో ఎ2 పెరుగుతుంది. వీళ్లలో అది పెరగలేదు. పెరిగింది ఎఫ్. మొత్తంలో దాదాపు నాలుగో వంతు అదే ఉంది. అంటే పుట్టిన ఏడాదికి మూతపడవలసిన గామా వీళ్లిద్దరిలోనూ ఇంకా పనిచేస్తోంది.

ఇలా ఉండడానికి ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి డెల్టా బీటా థలసీమియా. డెల్టా, బీటా జీన్లు ఊడిపోయి, వాటి లోటు తీర్చాలని గామా ప్రయత్నిస్తుంది గాని పూర్తిగా తీర్చలేదు. బిడ్డకు రెండు వైపుల నుంచీ అదే వస్తే రక్తహీనతతో బాధపడుతుంది. రెండోది హెచ్‌పీఎఫ్‌హెచ్. పుట్టుకతో వచ్చిన ఎఫ్ పెద్దయ్యాక కూడా వంశపారంపర్యంగా నిలిచిపోవడం అన్నమాట. ఇందులోనూ ఆ జీన్లు ఊడిపోతాయి గాని, గామా ఆ లోటును పూర్తిగా భర్తీ చేస్తుంది. రెండు వైపుల నుంచీ వచ్చినా మనిషికి ఏ ఇబ్బందీ ఉండదు. గ్రాఫు చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి, తలరాతలే వేరు.

తేడా పట్టడానికి కణాల సైజు కొంత సాయం చేస్తుంది, డెల్టా బీటాలో కణాలు చిన్నవి, హెచ్‌పీఎఫ్‌హెచ్‌లో దాదాపు మామూలువి. కానీ భారతికి ఐరన్ తక్కువగా ఉంది. దాంతో కణాలు చిన్నవై, లెక్క చెడిపోయింది. మునిరాజువి అటూ ఇటూ కాకుండా నడిమధ్యలో ఉన్నాయి. అప్పుడు నేను ఒక పాత పద్ధతి పట్టుకున్నాను. స్లైడు మీద రక్తాన్ని పరిచి యాసిడ్‌లో ముంచితే, ఎ రకం కరిగిపోయి కణం ఖాళీ పొట్టులా మిగులుతుంది. ఎఫ్ కరగదు, రంగు వేస్తే గులాబీగా కనబడుతుంది. ఎఫ్ కొన్ని కణాల్లోనే ఉంటే డెల్టా బీటా వైపు అనుమానం, అన్నిటిలోనూ సమంగా ఉంటే హెచ్‌పీఎఫ్‌హెచ్ వైపు. భారతి స్లైడులో నాకు అంతా సమంగానే గులాబీగా కనిపించింది. మళ్లీ మళ్లీ చూశాను.

డాక్టర్ మిత్ర కూడా మైక్రోస్కోపులో చాలాసేపు చూశారు. "నాకూ అలాగే కనిపిస్తోంది. కానీ కంటి అంచనా మీద ఇంత పెద్ద మాట చెప్పలేను. డీఎన్ఏ పరీక్షకు పంపుదాం" అన్నారు. అది బయటి ల్యాబుకు వెళ్లి రావాలి, వారాలు పడుతుంది. కడుపులో బిడ్డ అంతకాలం ఆగదు కదా. గర్భం తీయించుకోవడానికి చట్టం పెట్టిన గడువు కూడా ఒకటుంది.

ఆ మాట నేను తెలుగులో చెప్పగానే భారతి నా చేయి పట్టుకుంది. "బిడ్డ కదలకముందే చెప్పండి మేడమ్. కదిలినాక నా వల్ల కాదు."

నేను చేయి విడిపించుకోలేదు. ల్యాబులో కూర్చునేదాన్ని, నాకు ఇలాంటివి చేతకాదు.

డాక్టర్ మిత్ర వంశవృక్షం గీయడం మొదలుపెట్టారు. ఇంట్లో ఎవరికైనా రక్తం ఎక్కించారా, పసితనంలో పోయినవాళ్లున్నారా, కామెర్లు, కడుపులో వాపు ఉన్నవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగించారు. అన్నిటికీ లేదనే జవాబు. మీ అమ్మగారు ఎలా ఉన్నారని అడిగితే మునిరాజు, "అమ్మకేమి మేడమ్, రాయి మాదిరి ఉండాది. తెల్లారకముందే మార్కెట్‌కి పోయి పూల అంగడి తెరుస్తాది" అన్నాడు. సరే, ఆరోగ్యవంతురాలు అనుకుని మేము తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాం.

అయినా రెండు వైపుల పెద్దవాళ్ల రక్తం చూడడం ఆనవాయితీ. భారతి తల్లి లక్ష్మి వచ్చి ఇచ్చింది. ఆమె గ్రాఫు కూడా అచ్చం కూతురి గ్రాఫులాగే ఉంది. మునిరాజు తల్లి మునెమ్మ మాత్రం రానంది. ఎందుకో అప్పుడు మాకు తెలియదు. కాడుగోడిలో ఇంటికెళ్లి రక్తం తీసే మనిషిని పంపించాం.

ఆ ట్యూబు వచ్చిన రోజు నాతోపాటు పనిచేసే షబానా మెషిన్ దగ్గర ఉంది. "పద్మక్కా, ఇది చూడు. కాన్పుల వార్డు నుంచి వచ్చిన బొడ్డుతాడు రక్తం ట్యూబులు కూడా ఇదే ర్యాకులో ఉన్నాయి. ఈమె పేరుతో పసిబిడ్డ రక్తం నడిచిపోయింది" అంది. గ్రాఫు చూశాను. అరవై ఏళ్ల మనిషి పేరు కింద ఎఫ్ శిఖరం నిటారుగా లేచి ఉంది. ట్యూబులు తారుమారైతే మా దగ్గర ఒకటే నియమం. ఫలితం ఇవ్వకూడదు, మళ్లీ రక్తం తీయించాలి. ఎవరైనా అదే చేస్తారు, మేమూ అదే చేశాం. కాడుగోడికి ఫోన్ వెళ్లింది.

రెండు రోజుల తర్వాత మునెమ్మ స్వయంగా వచ్చింది. పొట్టిగా, దిట్టంగా ఉంది. బుగ్గలు ఎండలో తిరిగినట్టు కందిపోయి ఉన్నాయి. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి వచ్చిందట, ఆయాసం లేదు. కౌంటరు దగ్గర నిలబడి గొంతు పెంచింది.

"నా రక్తం పారేసినారంట కదా. అంత పనికిరాని రక్తమా?"

"పారేయలేదమ్మా. మీ ట్యూబు, ఒక పసిబిడ్డ ట్యూబు మారిపోయాయేమోనని అనుమానం వచ్చింది. అందుకే మళ్లీ అడిగాం" అన్నాను.

"నాకి మనవరాలి పెండ్లి కూడా అయింది. పసిబిడ్డతో ఎట్ల మారతాది నా రక్తం?"

ఆమెను లోపలికి పిలిచి నేనే కూర్చోబెట్టాను. ఆమె నోటితోనే పేరు చెప్పించుకుని, ఆమె చూస్తుండగానే ట్యూబు మీద రాశాను. చేయి చాచింది గాని మొహం పక్కకు తిప్పుకుంది. సూది అంటే భయమేమో అనుకున్నాను.

"ఈ పెండ్లి చేసింది నేనేమ్మా" అంది ఉన్నట్టుండి. "భారతి ఇంకా చదువుకుంటా అనింది. వీడు కూడా ఇప్పుడే వద్దన్నాడు. నేనే పట్టు పట్టినాను. పిల్ల కండ్ల ముందర ఉంటాది, పరాయింటికి పోకూడదు అని. ఇప్పుడు లక్ష్మి నాతో మాట్లాడేది లేదు. 'నా బిడ్డ కడుపు మీద కొట్టినావు' అనింది. నా బిడ్డే నన్ను అట్లనింది."

మాట మార్చడానికి కాన్పులెలా జరిగాయని అడిగాను, నాలుగూ ఇంట్లోనే కష్టం లేకుండా అయ్యాయంది. రక్తం ట్యూబులోకి వస్తూ ఉంది.

"అబద్ధం చెప్పొద్దు తల్లీ" అంది. "ఆ దోషం నా నుంచే వచ్చిందా?"

"ముందు చూడనివ్వండి" అన్నాను. అంతకంటే ఏం చెప్పినా తప్పే అయ్యేది. ఆమెను బయట కూర్చోమని, ఆ ట్యూబు ఒక్కదాన్నే మెషిన్‌లో పెట్టాను. పక్కన మరో ట్యూబు లేకుండా ర్యాకు ఖాళీ చేయించాను.

కొన్ని నిమిషాల పని. ఆ కొన్ని నిమిషాలూ స్టూలు మీద కూర్చోలేకపోయాను. గీత మొదలై ఎఫ్ ఉండాల్సిన చోట లేచింది, ఇంకా లేచింది, దిగింది. తర్వాత ఎ రావలసిన చోటికి వచ్చి చదునుగా సాగిపోయింది. ఎ లేదు. ఎ2 కూడా లేదు. పక్క మెషిన్‌లో కణాల లెక్క చూశాను. హీమోగ్లోబిన్ పదహారు దాటింది. ఆ వయసు ఆడవాళ్లలో అంత ఎప్పుడూ చూడం. మొదటిసారి కూడా ట్యూబు మారలేదు. ఆ రక్తం మునెమ్మదే. మునెమ్మలో బీటా జీను ఒక్కటి కూడా లేదు. తల్లి కడుపులో ఉన్నప్పటి హీమోగ్లోబిన్‌తోనే ఆమె ఇన్నేళ్లూ బతికింది, పూలు అమ్మింది, నలుగురు పిల్లల్ని కన్నది.

షబానా నోరు తెరుచుకుని చూస్తోంది. నేను ఆ కాగితం పట్టుకుని పరుగులాంటి నడకతో కిందికి వెళ్లాను. డాక్టర్ మిత్ర కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు. "ఈవిడకు ఎప్పుడైనా రక్తం ఎక్కించారా?" అని అడిగారు. లేదన్నాను. "కాన్పులు?" నాలుగూ ఇంట్లోనే, ఏ కష్టం లేకుండా జరిగాయట అన్నాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలారు. బిడ్డ రక్తానికి పట్టు ఎక్కువ కాబట్టే తల్లి రక్తం నుంచి ఆక్సిజన్ లాక్కుంటుందని మేమంతా చదువుకున్నాం. ఇక్కడ తల్లి రక్తం పట్టూ బిడ్డ రక్తం పట్టూ ఒక్కటే. అయినా నలుగురూ పుట్టారు, పెరిగారు. శరీరం మాకు తెలియని దారి ఏదో చూసుకుంది.

ఎఫ్ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, వదలడానికి కొంచెం బిగదీస్తుంది. ఆ లోటు తీర్చడానికి ఎముకల్లోని మూలుగ మరికాస్త ఎక్కువ రక్తం తయారు చేస్తుంది. మునెమ్మ బుగ్గల ఎరుపు ఎండ వల్ల వచ్చింది కాదు.

ఆ సాయంత్రమే భారతిని, మునిరాజును పిలిపించాం. మునెమ్మ ఎలాగూ అక్కడే ఉంది. ముగ్గురూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. మునెమ్మకూ భారతికీ మధ్య మునిరాజు. డాక్టర్ మిత్ర ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టి, నా వైపు చూసి, "నువ్వే చెప్పు, నీ పద్ధతిలో" అన్నారు.

జీన్లంటే ఎలా చెప్పాలి? కాసేపు ఆలోచించి మునిరాజును అడిగాను. "మీ వీధికి కావేరి నీళ్లు ఎలా వస్తాయి?"

"వాల్వ్‌మ్యాన్ వచ్చి తిప్పితే వస్తాయి. ఒక దినం మా వీధికి, ఒక దినం పక్క వీధికి."

"రక్తంలోనూ అంతే. ఒకే వాల్వు, దాని కింద వరుసగా వీధులు. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు ముందు వీధికి నీళ్లు. పుట్టినాక ముందు వీధికి ఆపి చివరి వీధికి వదులుతారు. అందరికీ అలాగే జరుగుతుంది. మీ ఇంట్లో ఆ చివరి వీధి లేదు. అందుకని నీళ్లు ముందు వీధికే వస్తున్నాయి."

"అయితే నీళ్లు వస్తా ఉండాయి కదా" అన్నాడు మునిరాజు నిదానంగా.

"వస్తున్నాయి. సరిపడా వస్తున్నాయి. అది తెలుసుకోవడమే మాకు కావలసింది. కొన్ని ఇళ్లల్లో చివరి వీధి లేకపోతే, ముందు వీధికి కూడా సరిగ్గా రావు. అలాంటప్పుడు జబ్బు. మీకు రెండు రకాల్లో ఏదో నిన్నటిదాకా మాకు తెలియదు."

భారతి నా మొహంలోకే చూస్తోంది. "మాకిద్దరికీ ఒక పక్కే పోయింది అన్నారు కదా. బిడ్డకి రెండు పక్కలా పోతే?"

ఈ ప్రశ్న దగ్గరే ఇన్నాళ్లూ అందరం కొట్టుమిట్టాడాం. డాక్టర్ మిత్రకు ఇంగ్లీషులో చెప్పాను. ఉమ్మనీరు తీసి పరీక్ష చేస్తే బిడ్డకు రెండు వైపులా పోయిందో లేదో తెలుస్తుంది, చేయించుకుంటారా అని ఆవిడ అడగమన్నారు. అడిగాను.

"అది చేసి, చెడ్డగా వచ్చిందనుకోండి. అప్పుడు బిడ్డ ఎట్లుంటాది మేడమ్?" అంది భారతి.

"మీ అవ్వలా ఉంటుంది" అన్నాను.

భారతికి వెంటనే అర్థం కాలేదు. తర్వాత మునిరాజు మీదుగా ముందుకు వంగి మునెమ్మను చూసింది. ఒళ్లో చేతులు పెట్టుకుని, కందిన బుగ్గలతో, తన గురించి ఏం మాట్లాడుతున్నారో తెలియక అనుమానంగా చూస్తున్న మునెమ్మను. భారతి ఏడుస్తూ నవ్వింది, లేదా నవ్వుతూ ఏడ్చింది. మునిరాజు లేచి కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు. నా కళ్లు కూడా తడిశాయి, దాచుకోలేదు.

మునెమ్మ మాత్రం నవ్వలేదు. "అయితే నా నుంచే వచ్చింది" అంది.

"అవునమ్మా. మీకు రెండు పక్కలా ఉంది. మీ నలుగురు పిల్లలకూ ఒక్కొక్కటి ఇచ్చారు. లక్ష్మి దాన్నే భారతికి ఇచ్చింది."

"అది జబ్బు కాదు?"

"కాదు. మీరు జబ్బుమనిషా?"

మునెమ్మ అడ్డంగా తల ఊపింది. తర్వాత రవికెలోంచి చిన్న ఫోను తీసి, నంబరు నొక్కి, నా చేతికిచ్చింది. "లక్ష్మి. నేను చెప్తే నమ్మదు. నువ్వు చెప్పు."

నేను చెప్పాను. వాల్వూ వీధులూ మళ్లీ మొదటినుంచి చెప్పాను. లైను తెగిందేమో అనుకుని "అమ్మా, వింటున్నారా?" అన్నాను. "అమ్మకి ఇయ్యండి" అంది లక్ష్మి. మునెమ్మ ఫోను చెవికి పెట్టుకుని గోడవైపు తిరిగింది. మేమంతా బయటికి వచ్చేశాం.

కొన్ని వారాలకు డీఎన్ఏ ఫలితం వచ్చింది. ఊడిపోయిన ముక్క హెచ్‌పీఎఫ్‌హెచ్ రకమే. మునెమ్మలో రెండు వైపులా, మిగతావాళ్లలో ఒక వైపు. నిజానికి మునెమ్మ గ్రాఫు వచ్చిన రోజే మాకు తెలిసిపోయింది. కాగితం మీద చూసేదాకా డాక్టర్ మిత్ర ఆ మాట అనలేదు, అంతే. భారతి ఉమ్మనీటి పరీక్ష వద్దంది. బిడ్డ అప్పటికే కడుపులో తన్నడం మొదలుపెట్టింది. కొత్త ఏడాది మొదట్లో ఆడపిల్ల పుట్టింది.

ఇది చదివి ఎవరైనా మేనరికాలు మంచివేననుకుంటే నేను రాసిందంతా దండగ. ఈ ఇంట్లో ఒకే వంశంలో తిరిగిన జీను అదృష్టం కొద్దీ మంచిది అయింది. అదే చోట చెడ్డది ఉండి ఉంటే, అది కూడా ఇలాగే రెండు వైపుల నుంచీ వచ్చి పడేది. అలాంటి ఇళ్లనూ నేను చూశాను, వాళ్ల పిల్లలే మా డే కేర్‌లో బొమ్మలకు రంగులు వేసుకుంటున్నది. ఈ మాట భారతికి కూడా దాచకుండా చెప్పాను. టీకాలకు బిడ్డను తీసుకొచ్చినప్పుడు, పాపకు ఏడాది దాటాక ఒకసారి గ్రాఫు చూద్దామా అని ఆశగా అడిగాను. పుట్టినప్పుడు అందరు బిడ్డల్లోనూ ఎఫ్ ఉంటుంది కాబట్టి అప్పుడే చూస్తే ఏమీ తేలదు. నన్ను కుతూహలం చంపేస్తోంది. "పెండ్లి మాటలొచ్చే కాలానికి చూస్తాం మేడమ్. ఈసారి పెండ్లికి ముందే చూస్తాం" అంది భారతి.

ఇప్పుడు ప్రపంచంలో చాలాచోట్ల శాస్త్రవేత్తలు పెద్దవాళ్లలో మూతపడిన గామాను మళ్లీ తెరిపించడానికి ప్రయత్నిస్తున్నారు. గామా నోరు మూయించే మరో జీను ఉంది, దాన్ని అదుపు చేస్తే థలసీమియా, సికిల్ సెల్ జబ్బులున్నవాళ్లకు మేలు జరుగుతుందని తేలింది. కొందరికి ఆ చికిత్స ఇప్పటికే అందింది. పెద్దయ్యాక కూడా ఎఫ్‌తో హాయిగా బతకొచ్చనే ధైర్యం వాళ్లకు వచ్చింది మునెమ్మలాంటివాళ్లను చూశాకే. ఈ సంగతి చెబితే మునెమ్మ, "నన్ను చూసి మందు చేస్తా ఉండారా?" అని అడిగి, నమ్మకుండా వెళ్లిపోయింది.

ఈ కేసు తర్వాత నా పనిలో ఒక్కటి మారింది. వంశంలో జబ్బుల గురించి మేము ఎప్పుడూ ఎవరు పోయారు, ఎవరు పాలిపోయారు, ఎవరికి రక్తం ఎక్కించారు అనే అడుగుతాం. అందరూ తలచుకుని తలచుకుని చెబుతారు. ఇప్పుడు నేను ఇంకో ప్రశ్న కూడా అడుగుతాను. మీ ఇంట్లో అందరికంటే గట్టిగా ఉన్నది ఎవరు? మొదట తెల్లబోయి చూస్తారు. తర్వాత ఒక పేరు చెబుతారు. చాలాసార్లు ఆ మనిషిని వెంట తీసుకొచ్చి ఉండరు.